ఎల్ఫ్‌ల ఊరిని ఊహించడం: ఆయుష్షు లెక్క నుంచి వంటింటి పొగ దాకా

ఎల్ఫ్ (ఫాంటసీ కథల్లో వందల ఏళ్ళు బతికే అడవి జాతి మనిషి) అనగానే కోసు చెవులు, భుజాన విల్లు, వెన్నెట్లో పాట గుర్తొస్తాయి. ఫాంటసీ కథలు రాసేవాళ్ళు, బల్ల చుట్టూ కూర్చుని ఆట నడిపేవాళ్ళు చాలామంది అక్కడే ఆగిపోతారు. యుద్ధం జరుగుతున్నంతసేపూ ఆ సామగ్రి సరిపోతుంది. కథలో ఒక ఉప్పు బేరగాడు దారి చీకటిపడి ఎల్ఫ్‌ల ఊళ్ళో ఒక రాత్రి ఉండాల్సి వచ్చిందనుకోండి, అప్పుడు చేయి ఆడదు. వాడికి ఏం పెట్టారు? ఆ నీళ్ళు ఎవరు మోశారు? పొయ్యి దగ్గరున్న పెద్దావిడని చిన్నపిల్ల ఏమని పిలిచింది?

ఆ ఒక్క రాత్రిని నమ్మకంగా రాయడానికి పనికొచ్చే పద్ధతి ఇది. బెంగళూరులో శని, ఆదివారాలు నలుగురు చేరి తెలుగులో రాసుకునేవాళ్ళని దృష్టిలో పెట్టుకున్నాం కాబట్టి, చూసి రమ్మన్నవి చాలావరకు ఒక్క రోజులో వెళ్ళి రాగలిగినవే. ఒక నోటుబుక్కు, ఒక కాలిక్యులేటరు ఉంటే చాలు. రెండు వారాల సెలవు రోజులు పడుతుంది.

మూలం గురించి కొంచెం. ఎల్ఫ్‌లు ఉత్తర యూరప్ వాళ్ళ నమ్మకంలోంచి వచ్చారు. 13వ శతాబ్దపు ఐస్‌లాండ్ రాతల్లో వెలుగు ఎల్ఫ్‌లు, చీకటి ఎల్ఫ్‌లు అని రెండు తెగలున్నాయి. ఆల్ఫ్రెడ్ అనే పేరుకి ఎల్ఫ్‌ల సలహా అని అర్థం. 11వ శతాబ్దంలో సిగ్‌వాట్ అనే కవి స్వీడన్‌లో ప్రయాణం చేస్తూ ఒక ఇంట్లో రాత్రికి చోటడిగితే, లోపల ఎల్ఫ్‌లకు బలి జరుగుతోంది, బయటివాళ్ళు రాకూడదని ఇంటావిడ గుమ్మంలోనే ఆపేసింది. ఆ గుమ్మాన్ని దాచిపెట్టుకోండి, చివర్లో కావాలి. ఎల్ఫ్‌లకి యక్షులనో గంధర్వులనో పేరు పెట్టేస్తే పని తేలికవుతుందని కొందరికి అనిపిస్తుంది. వద్దు. వాళ్ళకి వాళ్ళ పురాణం వేరే ఉంది, కలిపితే రెండూ పలచబడతాయి.

మొదటి అడుగు: మూడు అంకెలు

బొమ్మ గీసే ముందు, పేరు పెట్టే ముందు మూడు అంకెలు రాయండి: సగటు ఆయుష్షు, బాల్యం ఎన్నేళ్ళు, ఊరి జనాభా. ఈ మార్గదర్శిలో 700, 40, 350 అనుకుందాం. 700 ఎందుకంటే మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి అంత వయసుంటుందని చెబుతారు. మనిషి పక్కన ఆ చెట్టు నిలబడితే ఎలా ఉంటుందో తెలుగువాళ్ళలో చాలామంది చూసే ఉంటారు.

జనాభా పెరగకుండా, తగ్గకుండా ఉండాలంటే ఏడాదికి పుట్టేవాళ్ళు జనాభాను ఆయుష్షుతో భాగిస్తే వచ్చినంతమంది. 350ని 700తో భాగిస్తే సగం, అంటే రెండేళ్ళకొక పుట్టుక, రెండేళ్ళకొక చావు. బాల్యం 40 ఏళ్ళు కాబట్టి ఊరు మొత్తంలో పిల్లలు 20 మంది, ఒక్కొక్కరికీ మధ్య రెండేళ్ళ ఎడం. ఈడు పిల్లలనేవాళ్ళే ఉండరు. తరగతి గది పెట్టలేరు, ప్రతి పిల్లా ఒక పెద్దకి శిష్యురాలు. బొమ్మలు, చిన్న చెప్పులు ఊరి ఉమ్మడి ఆస్తి, ఇరవై చేతులు మారతాయి. పురుడు వస్తే ఊరంతా పని ఆపేస్తుంది.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. వెయ్యేళ్ళు బతికే జాతి అని రాస్తారు, వీధి నిండా పిల్లల్ని ఆడిస్తారు. ఆ పిల్లలు పెద్దయ్యేసరికి ఊరు అడవిని మింగేస్తుంది.

ఇంకో సంగతి తేల్చుకోవాలి. మీ ఎల్ఫ్‌లు ముసలితనంతో పోతారా, లేక ముసలితనమే లేక ప్రమాదాలతోనే పోతారా? రెండోది ఎంచుకుంటే అదే 700 సగటుకి సగం మంది 485 ఏళ్ళలోపే పోతారు, ఊళ్ళో ఇరవై మంది దాకా 2,000 దాటి ఉంటారు. అది వేరే కథ, చాలా భయంగా బతికే జాతి కథ. మొదటిసారి ప్రయత్నించేవాళ్ళు ముసలితనాన్నే ఉంచుకోండి. ఎలా తీసుకున్నా కొమ్మ మీంచి జారిపడి చావడం ఎల్ఫ్‌కి మనకంటే పెద్ద నష్టం, ఎందుకంటే పోయేది 500 ఏళ్ళు. చెట్ల మీద అంత తేలిగ్గా నడుస్తారంటే దానికి వెనక నలభై ఏళ్ళ శిక్షణ, ప్రతి వంతెన కింద వల, పన్నెండేళ్ళు నిండేదాకా రెండో కొమ్మ దాటకూడదనే కట్టడి ఉండాలి.

రెండో అడుగు: ఒక చెట్టు, నీళ్ళు, పొగ

కాగితం మీద అడవి గీసే ముందు ఒక నిజమైన చెట్టు కింద పూట గడపండి. బెంగళూరు దాటాక రామోహళ్ళి దగ్గర కేతోహళ్ళిలో దొడ్డ ఆలద మర ఉంది, దాదాపు 3 ఎకరాల మేర పరుచుకున్న మర్రి. అసలు మాను రోగం వచ్చి ఎప్పుడో పోయింది, ఊడలే మానులై నిలబడ్డాయి. కదిరి వైపు వెళ్ళగలిగితే తిమ్మమ్మ మర్రిమాను ఇంకా పెద్దది, సుమారు 5 ఎకరాలు, 1989లో గిన్నిస్‌కెక్కింది. వెళ్ళినప్పుడు ఇవి రాసుకోండి: మధ్యాహ్నం కింద ఎంత వెలుతురుంది, పక్షుల రెట్ట ఎక్కడ ఎక్కువ పడింది, మనిషి పడుకోగలిగినంత వెడల్పు కొమ్మ నేలకి ఎన్ని అడుగుల ఎత్తులో ఉంది.

ఇల్లు కట్టే పద్ధతి మర్రి నుంచే వస్తుంది. బోలు వెదురుని నిలువునా చీల్చి, మట్టీ ఎరువూ నింపి, వేలాడే ఊడ చుట్టూ కట్టి నేల దాకా దించితే ఊడ దారి తప్పకుండా దిగి వేరుపడుతుంది. మేఘాలయలో ఖాసీలు రబ్బరు మర్రి వేళ్ళని ఇలాగే వాగు దాటించి వంతెనలు పెంచుతారు. మనిషి నడిచే బలం రావడానికి 15 నుంచి 30 ఏళ్ళు పడుతుంది, ఆ తర్వాత వందల ఏళ్ళు నిలుస్తుంది. ఖాసీ తాత వేసిన వంతెన మీద మనవడు నడుస్తాడు. ఎల్ఫ్ అయితే తను వేసిన వంతెన మీద తనే ఆరువందల ఏళ్ళు నడుస్తుంది. కాబట్టి ఎల్ఫ్‌ల ఇంట్లో స్తంభాలన్నిటికీ వయసు, దించినవాళ్ళ పేరు ఉంటాయి. కట్టిన ఇల్లు అని కాకుండా దించిన ఇల్లు అనే మాట వాడితే చాలు, సగం సంస్కృతి వచ్చేస్తుంది. ఏం చెడుతుందో కూడా రాయండి: చెదలు. పిల్లలమర్రికి 2018లో చెదలు పట్టినప్పుడు సెలైన్ సీసాలతో మందు ఎక్కించి బతికించారు. ఎల్ఫ్‌ల ఊళ్ళో చెదల కాపలా ఒక పదవి, రోజూ ప్రతి స్తంభాన్ని వేలి కణుపుతో తట్టి చప్పుడు వినేవాళ్ళు.

నీళ్ళు ఇంకా కష్టం. మనిషికి రోజుకి 20 లీటర్లు అన్నా 350 మందికి 7,000 లీటర్లు. వేసవిలో బెంగళూరు అపార్టుమెంట్ల ముందు ఆగే 6,000 లీటర్ల ట్యాంకరు కంటే ఎక్కువ. పది లీటర్ల బిందెతో 40 అడుగులు ఎక్కించాలంటే రోజుకి 700 సార్లు ఎక్కి దిగాలి. రెండు దారులున్నాయి. కొండ వాలులో వాగుకి కిందగా ఊరు పెట్టి, చీల్చిన వెదురు గొట్టాలతో కొమ్మల దాకా నీళ్ళు పారించడం ఒకటి. నీళ్ళతో పనున్నవన్నీ నేల మీదే ఉంచడం ఇంకొకటి. రెండూ కలిపి వాడితే బావుంటుంది.

పొయ్యి మాత్రం తప్పకుండా నేల మీదే. కొమ్మ మీద పొయ్యి పెడితే బండ కావాలి, బండ మీద మట్టి పరుపు కావాలి, ఆ బరువుకి గాలివానలో కొమ్మ విరుగుతుంది, వేడికి పైన ఆకు మాడుతుంది. ఊరికి ఏడు పొయ్యిలు, ఒక్కోదానికి యాభై మంది. ఈ ఏడు పొయ్యిలే తర్వాత ఇంటిపేర్లవుతాయి. కట్టెలు మనిషికి రోజుకి కిలో చొప్పున ఏడాదికి దాదాపు 128 టన్నులు అవుతాయి. చెట్టుని చంపకుండా అంత కట్టె రావాలంటే మోడు నుంచి చిగురించే జాతుల తోపు వేసి, ఎనిమిది ముక్కలు చేసి, ఏటా ఒక ముక్కే నరకాలి. ఎల్ఫ్‌లు గొడ్డలి పట్టరని రాసే కథల్లో అన్నం ఎలా ఉడికిందో ఎవరూ చెప్పరు.

మూడో అడుగు: తిండి, ఉప్పు

పండ్లు, తేనె, వేర్లు తిని బతుకుతారని రాయాలనిపిస్తుంది. ఏరుకుని తినే బతుకుకి అడవిలో చదరపు కిలోమీటరుకి ఒక్క మనిషి మించి నిలవడం కష్టం. 350 మందికి 350 చదరపు కిలోమీటర్లు, అంటే బెంగళూరు నగరంలో దాదాపు సగం. ప్రతి ఊరికీ అంత అడవి ఇస్తే ఎల్ఫ్‌లు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్ళడానికి రోజంతా నడవాలి.

రాగులతో లెక్క వేయండి. మనిషికి రోజుకి 2,200 కేలరీలు, కిలో రాగుల్లో సుమారు 3,300. ఊరు మొత్తం రాగి ముద్దే తింటే రోజుకి 233 కిలోలు, ఏడాదికి 85 టన్నులు. ఎకరాకి 7 క్వింటాళ్ళు అనుకుంటే 120 ఎకరాలు. సగం తిండి తోటల నుంచీ వాగు చేపల నుంచీ వస్తే 60 ఎకరాలు చాలు. తోటంటే చిక్కమగళూరు, కొడగు కాఫీ తోటల్లాంటిది: పైన ఎత్తైన నీడ చెట్లు, వాటికి మిరియాల తీగ, మధ్యలో పనస, కింద పొదలు, నేలలో దుంపలు. పనస గింజలు మట్టిలో పాతిపెడితే వానాకాలమంతా వస్తాయి. అడవి దుంపల్లో కొన్ని విషం, కోసి రాత్రంతా పారే నీళ్ళలో ఉంచి ఉడకబెట్టాలి. పిల్లలు మొదట నేర్చే పాఠం ఇదే అయితే సహజంగా ఉంటుంది.

రాగికి ఎండ కావాలి, కాబట్టి పోడు తప్పదు. ఎల్ఫ్‌ల దీర్ఘాయుష్షు అందంగా పనికొచ్చేది ఇక్కడే. రెండేళ్ళు పండించి 40 ఏళ్ళు వదిలేస్తే అడవి పూర్తిగా తిరిగొస్తుంది. మనుషులకి ఆ ఓపిక ఉండదు, జనం పెరిగేకొద్దీ గడువు తగ్గించేస్తారు, నేల చస్తుంది. ఎల్ఫ్‌లకి 42 ఏళ్ళ చుట్టు ఒక మామూలు పంట లెక్క. 60 ఎకరాల ముక్కలు 21 కావాలి, మొత్తం 1,260 ఎకరాలు, సుమారు అయిదు లాల్‌బాగ్‌లు. ఒక ఎల్ఫ్ తన జీవితంలో ఒకే ముక్కకి 16 సార్లు తిరిగొస్తుంది. ఎనిమిదోసారి ఇక్కడ పాము కరిచింది, పదోసారి వాన రాలేదు అని గుర్తు పెట్టుకుంటుంది. చేలకి పేర్లు అలా పడతాయి.

ఇక ఉప్పు. మనిషికి రోజుకి 10 గ్రాములు వేసుకున్నా ఊరికి ఏడాదికి దాదాపు 1,280 కిలోలు. అడవిలో పుట్టదు. వెనకటికి దక్కనులో లంబాడీల ఎద్దుల బిడారులు ఉప్పు మోసేవి, అలాగే ఎద్దుకి వంద కిలోలు చొప్పున ఏటా 13 ఎద్దులు మీ ఎల్ఫ్‌ల ఊరికి రావాలి. లోకంతో సంబంధం లేని ఎల్ఫ్‌లు అన్న మాట ఉప్పు దగ్గర పోతుంది. మన బేరగాడు రావడానికి కారణమూ దొరికింది.

నాలుగో అడుగు: వరసా, వయసూ

తెలుగులో రాసేవాళ్ళ చేతికి అందుబాటులో ఉన్న గొప్ప పనిముట్టు ఇది. మన చుట్టరికపు పిలుపులు తరాన్నీ, పెద్దా చిన్నా తేడానీ కలిపి చెబుతాయి. వరసకి బాబాయి, వయసుకి తమ్ముడు అనే మాట మనింట్లో నవ్వులాట. ఎల్ఫ్‌ల ఊళ్ళో అది రోజూ ఉండేదే.

వేసి చూడండి. ఒకామె నూరేళ్ళకి మొదటి కూతుర్ని కంది. ఆ కూతురు తన నూరో ఏట ఇంకో కూతుర్ని కంది. అసలామె 300 ఏళ్ళకి రెండో కూతుర్ని కంది. ఇప్పుడు మనవరాలికి వందేళ్ళు, ఆమెకి పిన్ని వరసయ్యే పాప ఉయ్యాల్లో ఉంది. వందేళ్ళ మనిషి పసిపిల్లని "పిన్నీ, పడిపోతావే, దిగు" అంటుంది. పిలుపు వరస ప్రకారం, గద్దింపు వయసు ప్రకారం. ఈ ఒక్క వాక్యం రెండు పేజీల వర్ణన చేసే పని చేస్తుంది. వరసల పటం గీయకుండా ఎవరికీ సంభాషణ రాయకండి. కనీసం అయిదు తరాలు, ముప్పై పేర్లు ఉండాలి.

ఒకే పొయ్యి వాళ్ళ మధ్య పెళ్ళి కుదరదని కట్టుబాటు పెట్టండి. అయినా 350 మందిలో కొన్ని తరాలకి అందరూ చుట్టాలైపోతారు, కాబట్టి చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళు ఉండాల్సిందే. నూరేళ్ళు రాగానే యాభై ఏళ్ళు వేరే ఊళ్ళో ఉండి రావడం ఆచారంగా పెడితే చిక్కు తీరుతుంది.

అయిదో అడుగు: మాట

700 ఏళ్ళు వెనక్కి వెళితే మనకి ఏముంది? 1323లో ఓరుగల్లు పడింది. ఆ శతాబ్దంలోనే అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి దగ్గర ఎఱ్ఱన భారతం పూర్తి చేశాడు. మీ ఊళ్ళో అందరికంటే పెద్దావిడ మాటలు నేర్చిన కాలం, ఎఱ్ఱన తెలుగుకి మనం ఎంత దూరమో అంత దూరం. ఆవిడ ఇప్పటికీ ఏఱు, ఏరు వేరు వేరుగా పలుకుతుంది. మొదటిది నది, రెండోది నాగలి, ఏరువాకలో ఉన్నది. పిల్లలకి రెండూ ఒకటిగానే వినబడతాయి. "ఏఱు దాటి రా" అంటే పిల్ల నాగలి దాటి నిలబడుతుంది. ఇలాంటి జంటలు మీ ఎల్ఫ్ భాషకి మూడు చాలు. పెద్దవాళ్ళ మాటల్లో పాతదనం వాక్యానికి ఒక మాటకి మించితే చదివేవాళ్ళు పద్యం అనుకుని దాటేస్తారు.

ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడే బెంగళూరు తెలుగువాళ్ళకి పొలిమేర మాట వేరని విడిగా చెప్పక్కర్లేదు. ఎల్ఫ్‌కి మనుషుల భాష వచ్చు, కానీ ఎప్పుడో 90 ఏళ్ళ కిందట బేరగాడి ముత్తాత దగ్గర నేర్చింది. వాడికి అది తన తాత గొంతులా వినబడాలి.

పేర్లకి ముందు శబ్దాల నియమం రాసుకోండి. తెలుగు మాట ణ, ళలతో మొదలవదు, అచ్చతెలుగులో ఒత్తక్షరాలు (ఖ, ఘ, ఛ లాంటివి) ఉండవు. అలాంటి నియమాలు రెండు చాలు: ఒత్తక్షరాలు లేవు, ప్రతి పేరూ ఇకారంతోనో ఉకారంతోనో ముగుస్తుంది. నేలువి, సోరెను, ఇలవారి. రాశాక వాకిట్లో నిలబడి గట్టిగా పిలిచి చూడండి. కేక వేయలేని పేరు పిల్లలున్న ఇంట్లో నిలవదు.

ఆరో అడుగు: పండగలు, బట్టలు

కార్తీకమాసం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే వేరుశనగ జాతర, చూసి రండి. వేరుశనగ చేలని ఎద్దు మేసిపోతుంటే, మొదటి పంట నీకే ఇస్తామని రైతులు బసవన్నకి మొక్కుకున్నారని కథ. ఒక పంట, ఒక భయం, ఒక తేదీ, చేతిలో ఇంటికి తెచ్చుకునే పొట్లం. ఈ నాలుగూ ఉన్న పండగ నిలుస్తుంది. వెలుగుల పండగ, చంద్రుడి పండగ అని వట్టి పేరు పెడితే అలంకారం మిగులుతుంది.

ఎల్ఫ్‌ల తేదీలు పూల నుంచి తీసుకోండి. నీలకురింజి 12 ఏళ్ళకోసారి పూస్తుంది, మున్నారులో 2018లో పూసింది. మిజోరంలో ముళీ వెదురు సుమారు 48 ఏళ్ళకోసారి ఒక్కసారిగా పూసి, గింజ రాల్చి చస్తుంది. ఆ గింజ తిని ఎలుకలు విపరీతంగా పెరిగి, తర్వాత గాదెల మీద పడతాయి. 1958-59లో అక్కడ కరువు అలాగే వచ్చింది. మనిషి దాన్ని ఒకసారో రెండుసార్లో చూస్తాడు. ఎల్ఫ్ 14 సార్లు చూస్తుంది కాబట్టి రెండేళ్ళ ముందే గాదెలు నింపి, నేల నుంచి ఎత్తి, స్తంభాలకి నున్నటి మట్టి గిన్నెలు బోర్లిస్తుంది. ఎలుకల ఏడాది పండగలో పిల్లలు వలలు అల్లుతారు. భయం ఉంది, తేదీ ఉంది.

బట్టల దగ్గర ఒక్క హెచ్చరిక. ప్రాణి హింస చేయని ఎల్ఫ్‌లు నిగనిగలాడే పట్టు కడతారని రాస్తారు. మైసూరు దారిలో రామనగర పట్టుగూళ్ళ మార్కెట్ చూస్తే తెలుస్తుంది: ఆ మెరుపు గూడులోంచి తెగకుండా వచ్చే వందల మీటర్ల దారానిది, అది రావాలంటే పురుగుని లోపలే చంపాలి. పురుగు రెక్కలొచ్చి బయటికి వచ్చేసిన గూడుని వడకాల్సిందే, బట్ట ముతగ్గా, మెరుపు తగ్గి వస్తుంది. మెరుపో, పురుగో, ఒకటి ఎంచుకోండి.

ఏడో అడుగు: ఒక్క రాత్రి రాయడం

ఇప్పుడు అంకెలన్నీ పక్కన పెట్టి ఒక పేరా రాయండి. లెక్క ఒక్కటి కూడా బయటికి కనిపించకూడదు. ఈ కొలతలతో రాస్తే ఇలా రావచ్చు:

ఉప్పు బేరగాడు వాగు పొయ్యి దగ్గర ఎద్దులు విప్పేసరికి చీకటి పడింది. కొమ్మల పైన దీపాలు కదులుతున్నాయి. నిచ్చెన మీద చేయి వేయబోతే నేలువి అడ్డం వచ్చింది. "బయటివాళ్ళు పైకి రాకూడదు. కింద పడక ఉంది." ఆమె మాట వాడి తాత మాటలా ఉంది. రాగి ముద్ద, పనస గింజల పులుసు పెట్టింది. పులుసులో ఉప్పు లేదు. మూట విప్పి పిడికెడు తీసి ఇచ్చాడు, ఆమె వేలితో రుచి చూసి, ధర అడగకుండా మూడు తేనె కుండలు జరిపింది. ముత్తాత నాటి బేరం అదే. పెరిగిందని ఎలా చెప్పాలో వాడికి తోచలేదు. ఇంతలో పైనుంచి ఎవరో పాప కాళ్ళు ఊపుతూ తొంగిచూసింది. "పిన్నీ," అంది నేలువి తలెత్తకుండానే, "రెండో కొమ్మ."

కాళ్ళు చటుక్కున లోపలికి పోయాయి.